సున్నా గీత

ఏప్రిల్ 9, మంగళవారం

నాలుగో నంబరు బతికే ఉంది. వెండెల్ స్ట్రాండ్ గరాజ్‌లో, టార్పాలిన్ కింద. అమ్మేస్తున్నాడు.

కోళ్ళ దాణా కొట్టు నోటీసు బోర్డు మీద కార్డు గుచ్చాడు. "పెద్ద లేత్. మూతపడ్డ పంపుల ఫ్యాక్టరీది. నడుస్తోంది. తరలించుకునే పూచీ కొన్నవాళ్ళదే." ఆ చేతిరాతను నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. నా పేరు పక్కన "సరిగ్గా కొలవలేదు" అని రాసింది ఆ చెయ్యే.

ఇదివరకు ఎన్నిసార్లు రాశానో, మళ్ళీ రాస్తాను. 1988 అక్టోబరు 17, సోమవారం. నాలుగో నంబరు మీద ఉక్కు కడ్డీలు తిప్పి నలభై రెండు పంపు షాఫ్టులు కోశాను. నలభై రెండూ ఒక కొన లావు, ఒక కొన సన్నం. తేడా అంగుళంలో నాలుగు వెయ్యో వంతులు, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. షాఫ్టును తుక్కులో పడెయ్యడానికి అది చాలు. లేత్‌లోనే ఏదో ఉందన్నాను. ఫోర్‌మన్ వెండెల్ అందరి ముందూ నవ్వి, "ఆడలేక మద్దెల ఓడందట" అన్నాడు. ఆ వారమే నన్ను లేత్ మీద నుంచి తీసి ఆకురాయి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీ మూతపడే దాకా తొమ్మిదేళ్ళు, వేరేవాళ్ళు కోసినవాటి అంచులు అరగదీశాను. నా లేత్ ఎవరికిచ్చాడు? వాడి మేనల్లుడు రోడ్నీకి.

నేను కొలిచాను. రెండు కొనలా కొలిచాను.

ఆ షాఫ్టుల్లో ఒకటి నా దగ్గరుంది. ఉన్ని మేజోడులో పెట్టి సొరుగులో దాచాను. పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకు ఓపిక తక్కువ.

ఏప్రిల్ 10

కొంటాను.

ఏప్రిల్ 13, శనివారం

మా ఆయన లైల్‌కు చెప్పాను. పెళ్ళయి ముప్ఫై తొమ్మిదేళ్ళయింది గనుక ముందు నా మొహం చూశాడు, తర్వాత కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నీకు లేత్ ఉంది కదా?"

"అది చిన్నది. తొమ్మిదంగుళాల చక్రం దాని మీద తిరగదు. నా బొమ్మ ఆవిరింజను రెండేళ్ళ నుంచి చక్రం లేకుండా కూర్చుంది."

"ఇంజను కోసమేనా?"

"మరి దేనికనుకున్నావ్?"

"ఆ మేజోడు కోసమేమో అనుకున్నా."

మనిషికి ఇంత జ్ఞాపకశక్తి ఉండకూడదు.

సరే, ఇక్కడ దాపరికమెందుకు. లేత్‌ను ఇంటికి తెస్తాను. నేలకు బిగించి ఒక కడ్డీ కోస్తాను. అది కూడా ఒక కొన లావు, ఒక కొన సన్నం వస్తుంది. ఆ కడ్డీని, నా షాఫ్టును సెప్టెంబరు మొదట్లో లేబర్ డేకు జరిగే ఆవిరి యంత్రాల మేళాలో పక్కపక్కన పెడతాను. పనితనం పోటీకి జడ్జి ఎవరు? ఇరవై ఏళ్ళుగా వెండెలే. వాడి బల్ల మీదే, వాడి ముక్కు కిందే పెడతాను. ఫ్యాక్టరీలో పనిచేసి ఇంకా బతికున్నవాళ్ళంతా ఆ మేళాకు వస్తారు.

కారణం కూడా నాకు తెలుసు. ఆ సోమవారానికి ముందు శని ఆదివారాల్లో వాడు నాలుగో నంబరును కిటికీ పక్కకు జరిపించాడు. రసమట్టం పెట్టి చూడకుండా బిగించేశాడు. నేల సమంగా లేకపోతే లేత్ ఒళ్ళు మెలితిరుగుతుంది, కడ్డీ వాలుగా తెగుతుంది. అదీ సంగతి.

లైల్‌తో అన్నాను. "కిటికీ పక్కకు జరిపింది క్రిస్మస్ సెలవుల్లో కదా?" అన్నాడు. "నువ్వప్పటికి ఆకురాయి బల్ల దగ్గరున్నావ్. రోడ్నీగాడికి వెలుతురు కావలసొచ్చిందా అని ఇంటికొచ్చి ఏడ్చావ్."

లైల్‌కు తేదీలు గుర్తుండవు.

"అయితే తల్లీ, నా బండి ఎక్కడ పెట్టుకోను?"

"బయట."

"మిన్నెసోటా మంచులో. జనవరిలో. బయట."

"దుప్పటి కప్పు."

ఏప్రిల్ 14, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా వెండెల్ ఇంటికి వెళ్ళాను. వాడికిప్పుడు ఎనభై. చేతులు వణుకుతున్నాయి. సంతోషించాను. అప్పుడే ప్రార్థన చేసి వచ్చినదాన్ని, ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా సంతోషించాను.

"రా ఆర్డిస్. బూట్లు దులుపుకుని రా, బురద."

"నడిపి చూపించండి," అన్నాను. ఆ "అండి" దానంతటదే వచ్చేసింది. ఆకురాయి బల్ల అలవాటు.

స్విచ్ వేశాడు. అదే చప్పుడు. నాలుగో గేరులో కొంచెం గొంతు గరగరలాడుతుంది, అది కూడా అలాగే ఉంది. నా చెయ్యి నన్నడగకుండానే పిడి మీదకు వెళ్ళింది. కళ్ళు మండాయి. పాత నూనె వాసన అలాంటిది.

"నువ్వే కొంటావనుకున్నా," అన్నాడు.

"ఎందుకనో?"

"దీని మీద నీలాగా ఎవరూ కొయ్యలేదు. రోడ్నీ అసలే కొయ్యలేదు."

ముప్ఫయ్యొక్క ఏళ్ళ తర్వాత వెన్న పూస్తున్నాడు. సరుకు అమ్ముకునేవాడు ఎన్ననడు.

"నీ చిన్న లేత్ ఏం చేస్తావ్? పెద్దవి నాకింక కుదరవు. చిన్నదైతే బల్ల మీద మోచేతులు ఆనించి ఏదో ఒకటి కోసుకోవచ్చు."

"వేరేవాళ్ళకు మాటిచ్చేశాను."

ఎవరికీ ఇవ్వలేదు. సరస్సులోనైనా పారేస్తాను గానీ వాడికివ్వను.

మే 4, శనివారం

వచ్చింది!

ట్రైలర్ తెచ్చింది రోడ్నీయే. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా పని మాత్రం అదే తీరు. లేత్‌కు పట్టీలు చుట్టి, ఉలిని మోసే కోత బండిని తల వైపే ఉంచి పైకెత్తబోయాడు. లేత్‌కు బరువంతా తల దగ్గరే ఉంటుంది, కోత బండిని తోక వైపు జరపకపోతే బొక్కబోర్లా పడుతుంది. అప్పటికే ఒక కాలు గాల్లోకి లేచింది.

"దించు!" అని అరిచాను. "దించరా బాబూ! దానికీ నీలాగే తల బరువెక్కువ."

"ఏముంది పిన్నీ, ఒక్క అంగుళం," అన్నాడు నవ్వుతూ.

పిన్నీ అట. వెండెల్ గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. బరువు తగ్గాలని వెనక దిమ్మను ఊడదీసి, విడిగా నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కడ్డీ రెండో కొనను పట్టి ఉంచేది అదే. ఒడిలో పసిబిడ్డంత బరువుంది.

మే 5

నడుం లేదు. లైల్ బండి మీద కాకులు.

మే 12, ఆదివారం

వారం నుంచి రసమట్టమే. కాళ్ళ కింద రాగి రేకులు పెట్టడం, బిగించడం, చూడడం, విప్పడం. ఆ బుడగ నా మాట వినదు. నేను మాత్రం వెండెల్‌లా ఏదో ఒకటి కానిచ్చేసే రకం కాదు.

మధ్యాహ్నం మాతృదినోత్సవ భోజనానికి పిల్లలొచ్చారు. ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు తోమి బల్ల మీద పెట్టాను. మా చెల్లి సోల్వీగ్ పెళ్ళికని నాలుగో నంబరు మీద నేనే చేశాను, కంపెనీ టైములో, ఎవరూ చూడకుండా. ఆ రోజుల్లో అందరూ చేసేవాళ్ళు. చేపల గాలానికి గుండ్లు, తలుపులకు గొళ్ళేలు. "ఇంటి పని" అనేవాళ్ళం. ఆ ఏడాది ఎండాకాలంలో అలా చేసి దొరికిపోయి ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. అయినా చేసేవాళ్ళం. చెల్లి పెళ్ళి రెండేళ్ళు నిలిచింది, స్తంభాలు నాకు తిరిగొచ్చాయి. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే ఆ వాలు ఎంత నునుపో. ఇప్పటికీ వేలు జారుతుంది.

జూన్ 1, శనివారం

మోటారుకు ఫ్యాక్టరీ కరెంటు కావాలి, ఇంటి కరెంటు చాలదు. దానికో పెట్టె కొని బిగించేసరికి మూడు వారాలు పట్టింది. ఇవాళ తిరిగింది.

వెనక దిమ్మను దాని చోట కూర్చోబెట్టి, దాని మీద నడిమధ్యను చూపే సున్నా గీతకు సరిగ్గా కలిపి బిగించాను. పద్నాలుగంగుళాల కడ్డీని రెండు కొనల మధ్య పెట్టి కోశాను. మైక్రోమీటర్ పెట్టాను.

నాలుగు! నాలుగు వెయ్యో వంతులు! షాఫ్టు ఎంతో ఇదీ అంతే!

లైల్‌ను పిలిచి గరాజ్‌లో గుండ్రంగా తిప్పాను. "మోకాళ్ళు మోకాళ్ళు" అంటున్నా వదల్లేదు.

జూన్ 2

మళ్ళీ కొలిచాను. నాలుగే.

జూన్ 8, శనివారం

మేళా బల్ల మీద పెట్టడానికి కార్డు రాశాను. "ఎడమవైపు: 1988, ఫోర్‌మన్ వెండెల్ స్ట్రాండ్ తుక్కులో వేయించినది. కుడివైపు: అదే లేత్, ఈ ఏడాది. మద్దెల ఓడేనా, కాదా?"

నాలుగుసార్లు చదువుకున్నాను. ప్రతిసారీ బాగుంది.

అయితే వాడు మామూలోడు కాదు. "నీ గరాజ్ నేలే వంకరేమో" అంటాడు. అనగలడు. వాడి నోరు ముందే మూయించాలి. వెనక దిమ్మతో పని లేకుండా, తల వైపు చక్ పిడికిలిలో మాత్రమే పొట్టి కడ్డీ పట్టి కోస్తాను. అది కూడా వాలుగా వస్తే లేత్ ఒళ్ళే మెలితిరిగినట్టు. ఇక మాట్లాడడానికేమీ ఉండదు.

జూన్ 9, ఆదివారం

తిన్నగా వచ్చింది.

మూడు కడ్డీలు కోశాను. మూడూ గీత గీసినట్టున్నాయి. లేత్ ఒంట్లో ఏమీ లేదు.

వెనక దిమ్మకు, వెంట్రుకవాసి తేడా చూపే డయల్ పెట్టి చూశాను. రెండు వెయ్యో వంతులు పక్కకుంది. దిమ్మ రెండు జరిగితే కడ్డీ మందంలో నాలుగు తేడా వస్తుంది. సున్నా గీతకు కలిపే కదా బిగించాను. అంటే గీతే తప్పు. డయల్ చూసి సరిచేసి కోశాను. తిన్నగా వచ్చింది.

మంచిదే. లేత్‌లో ఏదో ఉందని అప్పుడే చెప్పాను కదా. ఉంది.

జూన్ 10

కానీ షాఫ్టులు కోసేటప్పుడు వెనక దిమ్మను ఎవరూ కదపరు. వాలుగా ఏదైనా కొయ్యాలంటేనే పక్కకు జరుపుతారు, అయ్యాక మళ్ళీ సున్నాకు తెస్తారు. శుక్రవారం నా షాఫ్టులు తిన్నగా వచ్చాయి. సోమవారం వాలుగా వచ్చాయి. మధ్యలో ఎవరో వాలు కోశారు.

రోడ్నీ అయ్యుంటాడు.

జూన్ 11

రోడ్నీయే.

జూన్ 12

ఇత్తడి కొవ్వొత్తి స్తంభాన్ని తిరగేసి చూశాను. అడుగున నా చేత్తో చెక్కిన తేదీ ఉంది. 14 అక్టోబరు 1988. పాత క్యాలెండర్ వెతికి చూశాను.

శుక్రవారం.

జూన్ 30, ఆదివారం

ఒక కొనే కొలిచాను.

శుక్రవారం షిఫ్టు అయ్యే వేళకు స్తంభాల పని ముగిసింది. గంట మోగుతోంది. దిమ్మను గీతకు కలిపేసి, స్తంభాలు కోటు కింద పెట్టుకుని పరుగెత్తాను. సోమవారం పొద్దున మొదటి షాఫ్టు ఒక కొన కొలిచాను, సరిగ్గా ఉంది. రెండో కొన ఎందుకు కొలవాలి, శుక్రవారమంతా తిన్నగానే వచ్చింది కదా అనుకున్నాను. అనుకుని నలభై రెండు కోశాను.

రెండు కొనలా కొలిచానని వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. చెప్పీ చెప్పీ ఆ రెండో కొన కొలిచినట్టు నాకు కళ్ళకు కట్టింది. మైక్రోమీటర్ చల్లదనం కూడా గుర్తుంది.

జూలై 6, శనివారం

షాఫ్టును మేజోడుతో సహా తీసుకెళ్ళి వెండెల్ వంటింటి బల్ల మీద పెట్టాను. విప్పి చూశాడు.

"ఇన్నాళ్ళూ దాచావా దీన్ని?"

"వెనక దిమ్మ మీద సున్నా గీత తప్పు," అన్నాను.

"ఆ గీత తప్పని ఫ్యాక్టరీలో పిల్లికి కూడా తెలుసు. నమ్మి కోస్తే నేనేం చెయ్యను? అందుకే సరిగ్గా కొలవలేదని రాశా."

"దిమ్మను కదిపిందెవరో కూడా తెలుసా మీకు?"

కాఫీ పోశాడు. సగం సాసర్‌లో పడింది. నేను అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సోమవారం సాయంత్రం నాలుగో నంబరు కింద తట్టలో, ఉక్కు పొట్టు అడుగున ఇత్తడి పొట్టు కనబడింది ఆర్డిస్. మన వరసలో ఉక్కు తప్ప ఇంకేం కోశాం? అంతా ఊడ్చి, నా అన్నం డబ్బాలో పోసుకుని ఇంటికి పట్టుకుపోయా."

షాఫ్టును వాడి ముందుకు నెట్టాను.

"ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి? పైవాళ్ళకు చెబితే ఆ పూటే నిన్ను గేటు బయట నిలబెట్టేవాళ్ళు. చిన్నపిల్లలు ఇద్దరు నీకు. కొలవలేదంటే బల్ల మారుతుంది, అంతేగా."

"నాకు! నాకెందుకు చెప్పలేదు?"

సాసర్‌లో ఒలికిన కాఫీని మళ్ళీ కప్పులో పోసుకున్నాడు. "రోడ్నీకి లేత్ కావాలి. మా అక్క రోజూ నా ప్రాణం తోడేసేది. నీతో చెబితే నువ్వు తప్పయిందంటావు, నేను నాలుగు నెలలాగి లేత్ మళ్ళీ నీకే ఇవ్వాల్సొస్తుంది. అబద్ధమెందుకు, అదీ ఉంది."

ఒకే దెబ్బకు నన్ను కాపాడాడు, నన్ను దోచుకున్నాడు. ఏ ఒక్కదానికి తిట్టాలో తెలియక రెండింటికీ కలిపి తిట్టాను. అన్నీ విని, తిట్లయిపోయాక, "నువ్వు మాటిచ్చినవాళ్ళు చిన్న లేత్ పట్టుకెళ్ళారా?" అని అడిగాడు. సిగ్గులేని మనిషి.

జూలై 7

తప్పు నాదే. సరే, ఒప్పుకున్నాను.

కానీ ఆయన తెలిసీ ముప్ఫయ్యొక్క ఏళ్ళు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. చర్చిలో ఎదురైతే తలూపేవాడు. నేను మొహం తిప్పుకుంటే అదోలా చూసేవాడు. గర్వమనుకున్నాను. గర్వం కాదు, జాలి! నేను పళ్ళు నూరుతుంటే వాడు జాలిపడుతూ కూర్చున్నాడు. ఇంతకన్నా ఘోరం ఉంటుందా? నా తప్పు నాకు లేకుండా వాడి దగ్గర దాచుకున్నాడు. దాన్ని తిరిగి లాక్కుంటాను.

పైన "ఆయన" అని రాశాను. పొరపాటు. వాడు.

ఆగస్టు 31, శనివారం

పాత కార్డు చించేశాను. ఇవాళ మేళాలో ఇత్తడి స్తంభాలు రెండూ పెట్టి, పక్కన షాఫ్టు పెట్టి, కొత్త కార్డు ఆనించాను.

"పంపుల ఫ్యాక్టరీ నాలుగో నంబరు లేత్ మీద, కంపెనీ టైములో, దొంగతనంగా చేసినవి. వీటివల్ల నలభై రెండు షాఫ్టులు తుక్కయ్యాయి. కొలవనిది నేనే. ఇత్తడి పొట్టు ఊడ్చి దాచింది వెండెల్ స్ట్రాండ్. ఆర్డిస్ క్యెల్లాండ్."

కార్డు చుట్టూ జనం మూగారు. తర్వాత పాతవాళ్ళలో ఒకాయన, "నేనూ పడవకు లంగరు చేశా," అన్నాడు. ఇంకొకాయన, "నేను మా అత్తగారి చేతికర్ర," అన్నాడు. మధ్యాహ్నానికి నా బల్ల పాపాలు చెప్పుకునే చోటైపోయింది. అందరూ పడీ పడీ నవ్వారు.

రోడ్నీ మాత్రం నవ్వలేదు. కార్డు రెండుసార్లు చదివాడు. "అయితే పిన్నీ, లేత్ నాకు... మా మామ నా పనితనం చూసి ఇచ్చాడనుకున్నా, ఇన్నాళ్ళూ," అన్నాడు. అని తను పోటీకి పెట్టిన బొమ్మ ఫిరంగి దగ్గరకు వెళ్ళి, ఉత్త పుణ్యానికి దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు.

నాకు కావలసింది దొరికింది. అనుకున్నంత తియ్యగా లేదు. కొంచెం తియ్యగానే ఉంది.

వెండెల్ చాలాసేపు ఆ కార్డు ముందే నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇక వాడి జేబులో నాదేమీ లేదు. ఇంటికొచ్చి, అవసరం లేకపోయినా, చిన్న లేత్‌ను తుడిచి నూనె వేశాను. మోచేతులు ఆనించుకుంటే నిజంగానే కొయ్యగలడేమో. మేళా అయ్యాక ఇచ్చేద్దామా అని లైల్‌ను అడిగాను. లైల్ నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

సెప్టెంబరు 2, సోమవారం

రెండో బహుమతి.

రెండో బహుమతి! మొదటిది రోడ్నీ ఫిరంగికి!

వెండెల్ నా స్తంభాలను ఆ వణికే చేతులతో పది నిమిషాలు కొలిచాడు. జడ్జి చీటీ మీద వాడి చేతిరాత: "స్తంభాల మెడలు రెండూ ఒక్కలా లేవు. రెండు వెయ్యో వంతులు తేడా. సరిగ్గా కొలవలేదు." అది రాసి, నా వైపు చూసి, నవ్వాడు. ఆనాడు అందరి ముందూ నవ్వాడే, అచ్చం ఆ నవ్వే.

ఇంటికొచ్చి కొలిచాను. తేడా రెండే.

సెప్టెంబరు 8, ఆదివారం

ఇద్దామనుకున్న వస్తువు ఇవ్వకుండా ఉండడం మా ఇంటా వంటా లేదు. చర్చి అయ్యాక చిన్న లేత్‌ను బండిలో వేసుకుని వెళ్ళి వెండెల్ బల్ల మీద బిగించి వచ్చాం. వాడు మోచేతులు ఆనించి, పిడి తిప్పి చూసుకున్నాడు. చెయ్యి వణకలేదు. "నీ రుణం ఎలా తీర్చుకోను ఆర్డిస్?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "ఏం పరవాలేదండీ," అన్నాను.

తిరిగొస్తూ లైల్, "మొత్తానికి క్షమించేశావన్నమాట," అన్నాడు.

"అంతేగా మరి."

లైల్‌కు తెలియనిదేమిటంటే, నిన్న తను చేపలకు వెళ్ళినప్పుడు చిన్న లేత్ వెనక దిమ్మ మీది సున్నా గీతను ఆకురాయితో శుభ్రంగా అరగదీశాను. తొమ్మిదేళ్ళు ఆ పనే చేశాను కదా, ఆనవాలు కూడా మిగల్లేదు. దానికి రెండు వెయ్యో వంతులు పక్కన కొత్త గీత గీశాను. చూస్తే లేత్ తయారైనప్పుడే గీసినట్టుంది.

వెండెల్ గీతలను నమ్మే మనిషి కాదు. కానీ నేనిచ్చిన లేత్ కదా. నన్ను నమ్ముతాడు. ఎన్నాళ్ళకు కనిపెడతాడో చూస్తాను. నాకేం తొందర లేదు.